స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ భాగం దొరికింది, ఏ మార్క్‌దో తేలడం లేదా?

స్పిట్‌ఫైర్ రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం, మార్క్ అంటే అందులో ఎన్నో రకమో చెప్పే సంఖ్య. ముందు ఒక జాగ్రత్త. యుద్ధకాలపు మీటర్లు చీకట్లో కనబడాలని అంకెలకీ ముళ్లకీ రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన రంగు వేసేవాళ్లు. ఇప్పుడు వెలగడం లేదు కదా అని రేడియం పోయిందనుకోకండి. పాడైంది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ మాత్రమే. రేడియం సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. అద్దం పగిలిన మీటర్‌ని విప్పకండి, డయల్ గీకకండి. సంచిలో పెట్టి మూసి, మనుషులు ఎక్కువసేపు ఉండని, గాలి ఆడే చోట ఉంచండి.

సమస్య: నంబర్ 300తో మొదలవుతోంది, అమ్మినవాళ్లు మాత్రం మార్క్ 9 అంటున్నారు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. స్పిట్‌ఫైర్‌ని రూపొందించిన సూపర్‌మెరీన్ సంస్థ భాగాల మీద వేసే డ్రాయింగ్ నంబర్ల ముందు టైప్ నంబర్ ఉంటుంది. మార్క్ 1కి 300, మార్క్ 2కి 329, మార్క్ 9కి 361, మార్క్ 14కి 379. దాంతో 300 కనబడగానే 1940 నాటి వైమానిక పోరు బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లోని విమానమని సంబరపడతాం.

కారణం: మార్చనవసరం లేని భాగానికి కొత్త నంబర్ ఇవ్వలేదు. 1944లో తయారైన మార్క్ 9లో కూడా 300 భాగాలు బోలెడు ఉంటాయి. మన ఇంటిపేర్లలాగే అన్నమాట. కొండవీటి వారంతా కొండవీడులో పుట్టినవాళ్లు కాదు. ఆ నంబర్ భాగం మూలం ఎక్కడో చెబుతుంది, ఏ విమానంలో తిరిగిందో చెప్పదు.

పరిష్కారం: 300 ఒక్కదాన్ని చూసి ఏదీ తేల్చకండి. కొత్త నంబర్ల వైపు నుంచి చూడండి. 361 ఉన్న భాగం 1940 నాటి మార్క్ 1లో ఉండే వీల్లేదు, అప్పటికి ఆ డ్రాయింగే లేదు. ఒకే చోట దొరికిన ముక్కలు చాలా ఉంటే, వాటిలో అన్నిటికంటే తర్వాతి మార్క్‌ను చూపే నంబర్‌ వెతకండి.

ఆ తర్వాత తనిఖీ ముద్రలు. సీబీఏఎఫ్ అని ఉంటే బర్మింగ్‌హామ్ దగ్గరి కాసిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీ. అక్కడ 1940 జూన్‌లో మార్క్ 2తో మొదలుపెట్టారు, మార్క్ 1 తయారు చేయలేదు. అయితే స్పేర్ పార్ట్‌గా వెళ్లి పాత విమానంలో బిగించి ఉండొచ్చు కాబట్టి, ఈ ముద్ర కూడా ఒంటరిగా సాక్ష్యం చెప్పలేదు.

అమెరికన్ యుద్ధవిమానం మస్టాంగ్‌దీ ఇదే కథ. భాగం నంబర్ ముందు 73 ఉంటే తొలి మస్టాంగ్, 102 పీ-51బీ, 109 పీ-51డీ. డీ లోపల 73 భాగాలు కనబడితే ఆశ్చర్యపోవద్దు.

సమస్య: ఆరు మీటర్ల ప్యానెల్ ఉంది, స్పిట్‌ఫైర్‌దేనా?

ఆ ప్యానెల్‌ని బట్టి చెప్పలేం. వేగం, కృత్రిమ దిగంతం, ఎక్కే రేటు, ఎత్తు, దిశ, మలుపు చూపే ఈ ఆరూ బ్రిటిష్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) ప్రామాణిక అమరిక. మరో బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్‌లోనూ లాంకాస్టర్ బాంబర్‌లోనూ ఇదే ఉంటుంది. మీటర్ వెనక 6ఏ అని ఉంటే అది ఎయిర్ మినిస్ట్రీ స్టోర్స్‌లో పరికరాల విభాగం, విమానం పేరు కాదు. దాన్ని చుట్టి ఉండే పెద్ద ప్యానెల్ ఆకారం, బిగింపు రంధ్రాలు దొరికితేనే ముందుకు వెళ్లగలం.

సమస్య: పైలట్ విమానం నడిపే గుండ్రటి పిడి ఉంది, బటన్ ఒక్కటే

రెక్కల్లో ఎనిమిది మెషిన్ గన్లే ఉన్నప్పుడు పేల్చడానికి ఒక బటన్ సరిపోయేది. కానన్లు (ఇంకా పెద్ద గన్లు) వచ్చాక వాటిని విడిగానూ కలిపీ పేల్చడానికి భాగాలుగా విడిన బటన్ పెట్టారు. అలాగని ఒక్క బటన్ అంటే మార్క్ 1 అనుకోకూడదు, మార్క్ 5ఏకి కూడా ఎనిమిది మెషిన్ గన్లే. పైగా ఇలాంటి పిడి హరికేన్‌లోనూ ఉంది. నిజాం రాజ్యం పేరు పెట్టుకున్న ఆర్ఏఎఫ్ దళాలు 152 స్క్వాడ్రన్ (హైదరాబాద్) స్పిట్‌ఫైర్లు, 253 స్క్వాడ్రన్ (హైదరాబాద్ స్టేట్) హరికేన్లు నడిపాయి. రెండు కాక్‌పిట్లలోనూ పైలట్ పట్టుకున్నది ఈ తరహా పిడినే!

తేడా పక్కనున్న లివర్లలో ఉంది. హరికేన్‌లో చక్రాలకీ ఫ్లాప్‌లకీ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంగే పలకలు) కలిపి కుడివైపు ఒకే లివర్, ఇంగ్లిష్ హెచ్ ఆకారపు గాడిలో కదులుతుంది. స్పిట్‌ఫైర్‌లో ఫ్లాప్‌లకి వేరే చిన్న మీట, గాలి ఒత్తిడితో పనిచేస్తుంది, పూర్తిగా పైకి లేదా పూర్తిగా కిందికి, అంతే.

సమస్య: జర్మన్ యుద్ధవిమానం మెస్సర్‌ష్మిట్ 109ది అన్నారు, స్క్రూలు పట్టడం లేదు

109లో ఉండాల్సింది మెట్రిక్ మర. బీఏ అనే బ్రిటిష్ కొలతల మర పట్టిందంటే తర్వాతెవరో మార్చారేమో చూడండి. రంగు కూడా చూడండి. తొలి 109ల కాక్‌పిట్ లోపల బూడిద-ఆకుపచ్చ (జర్మన్ వైమానిక శాఖ రంగుల పట్టికలో ఆర్ఎల్ఎం 02), తర్వాతివాటిలో ముదురు బూడిద (ఆర్ఎల్ఎం 66). స్పెయిన్ 1950లలో కూడా 109 రకం విమానాలు బ్రిటిష్ మెర్లిన్ ఇంజన్‌తో తయారు చేసింది, వాటి భాగాలూ 109 పేరుతోనే తిరుగుతాయి. కాబట్టి శుభ్రం చేయడానికి ముందే ఫొటోలు తీయండి. రుద్దేస్తే ఆ రంగు సాక్ష్యం తిరిగి రాదు.

కూలిన చోట తవ్వి తీసినదైతే ఇంకా జాగ్రత్త అవసరం. బ్రిటన్‌లో 1986 చట్టం ప్రకారం సైనిక విమానం కూలిన చోట అనుమతి లేకుండా తవ్వకూడదు. అక్కడ ఒక పైలట్ ప్రాణం పోయి ఉండొచ్చు. తప్పు మార్క్ రాస్తే ఆ ముక్క ఇంకొకరి కుటుంబం చేతికి వెళ్లొచ్చు. తేలనప్పుడు చీటీ మీద ‘స్పిట్‌ఫైర్ భాగం, 300 డ్రాయింగ్, సీబీఏఎఫ్ ముద్ర’ అని మాత్రం రాసి, మార్క్ గడి ఖాళీగా వదిలేయండి.