ల్యాబులో సైట్లు తెరుచుకోవడం లేదా? ఫైర్‌వాల్ రూల్స్ మార్చే ముందు గడియారం చూడండి

పాఠశాల కంప్యూటర్ ల్యాబులో సైట్లు తెరుచుకోని రోజున మొదటి అనుమానం ఫైర్‌వాల్ మీదికే, అంటే ల్యాబుకూ ఇంటర్నెట్‌కూ మధ్య కూర్చుని వచ్చిపోయేవాటిని వడపోసే పరికరం మీదికే, పోతుంది. అడ్డుకోవడమే దాని పని కాబట్టి ఆ అనుమానం సహజం. కానీ దాన్నే పట్టుకుని రూల్స్ ఒక్కొక్కటిగా తీసేసి, చివరికి వడపోత మొత్తాన్ని ఆపేసి, పిల్లలు కూర్చునే ల్యాబును ఏ రక్షణా లేకుండా వదిలేసిన బడులను నేను చాలా చూశాను. ఆపేసినా సైట్లు రాలేదు. ఆపేసినదాన్ని తిరిగి పెట్టాలన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. ల్యాబు బాధ్యత చూసే ఉపాధ్యాయులకు ఐపీ చిరునామా చూడడం, కేబుల్ మార్చడం, ఫైర్‌వాల్ లాగ్ తెరవడం తెలుసనే ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

అందరూ దాటేసే మొదటి పరీక్ష

రూల్స్ జోలికి పోకముందు పక్కపక్కనే ఉన్న రెండు సిస్టమ్‌లలో ఒకే సైటు తెరిచి చూడండి. ఆ రెండూ ఫైర్‌వాల్‌లో ఒకే గ్రూపులో ఉండి, ఒకదానిలో సైటు వచ్చి మరొకదానిలో రాకపోతే, లోపం ఆ సిస్టమ్‌లోనే వెతకాలి. తరువాత తెరపై వచ్చిన సందేశాన్ని చివరిదాకా చదవండి. ఫైర్‌వాల్ అడ్డుకున్నప్పుడు చాలావరకు తన సొంత పేజీ చూపిస్తుంది. చూపించకపోయినా లాగ్‌లో నమోదు చేస్తుంది. సర్టిఫికెట్ (సైటు అసలుదేనని రుజువు చేసే డిజిటల్ పత్రం) హెచ్చరిక, సర్వర్ చిరునామా దొరకలేదన్న సందేశం, ఎంతసేపటికీ తిరుగుతూనే ఉండే చక్రం అనేవి మూడు వేర్వేరు లక్షణాలు. ఈ మూడింటినీ కలిపి ‘నెట్ రావడం లేదు’ అని చెప్పడం వల్లనే సగం రోజు వృథా అవుతోంది.

ల్యాబు మొత్తానికీ నెట్ లేకపోతే ముందు ఐపీ చూడండి. అది 169.254తో మొదలైతే సిస్టమ్‌కు చిరునామా ఇచ్చేవాళ్లే లేరని అర్థం. అప్పుడు చూడవలసింది స్విచ్చు, దాని అడాప్టరు, రూటరు నుంచి వచ్చే కేబులు. ఫైర్‌వాల్ రూల్స్ కాదు. ఐపీ సరిగా ఉండి, ఏ సైటూ రాక, మీ ఫైర్‌వాల్ లాగిన్ పేజీ అడిగే రకమైతే ఆ పేజీ కనబడకుండా ఉండిపోయిందేమో చూడండి. నేరుగా హెచ్‌టీటీపీఎస్ (గుప్తీకరించిన) సైటు తెరిచినప్పుడు లాగిన్ పేజీ చాలాసార్లు రాదు. ఫైర్‌వాల్ లాగిన్ చిరునామాను బ్రౌజరులో చేత్తో కొట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

లక్షణం: కొన్ని సిస్టమ్‌లలో మాత్రమే, దాదాపు ఏ సైటు తెరిచినా సర్టిఫికెట్ హెచ్చరిక

నన్ను ఎక్కువగా దెబ్బతీసింది ఇదే కాబట్టి దీని గురించి వివరంగా చెబుతాను. వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారంలో ఒక ఉన్నత పాఠశాల నుంచి పిలుపు వచ్చింది. ముప్పై సిస్టమ్‌లలో పదకొండింటిలో దీక్ష పోర్టల్ తెరుచుకోవడం లేదు, గూగుల్ తెరుచుకోవడం లేదు, పింగ్ (అవతలి సర్వర్ పలుకుతోందో లేదో చూసే పరీక్ష) మాత్రం వెళుతోంది. హెచ్చరిక పేజీలో సర్టిఫికెట్ వివరాలు తెరిస్తే దాన్ని జారీ చేసింది ఫైర్‌వాలే అని కనిపించింది. ఇక నాకు సందేహం మిగలలేదు. రూల్స్ అన్నీ తిరగరాశాను, హెచ్‌టీటీపీఎస్ తనిఖీ ఆపాను, మళ్లీ పెట్టాను, చివరికి ఫైర్‌వాల్‌ను ఫ్యాక్టరీ సెట్టింగులకు తీసుకెళ్లి మొదటినుంచి అమర్చాను. రెండు రోజులు పోయాయి. రెండో రోజు సాయంత్రం ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి తెర కుడివైపు అడుగున ఉన్న తేదీని చూపించి, ఇందులో సంవత్సరం తప్పుగా ఉంది సార్ అన్నది. ఆ పదకొండు సిస్టమ్‌లలోనూ తేదీ ఏళ్ల వెనక్కి పోయింది.

కారణం మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ. కరెంటు లేనప్పుడు సిస్టమ్ గడియారాన్ని నడిపేది అదే. ప్లగ్గులో కరెంటు ఉన్నంతసేపూ, సిస్టమ్ ఆఫ్ చేసి ఉన్నా, ఆ గడియారం పవర్ సప్లై నుంచే నడుస్తుంది కాబట్టి ఇళ్లలో ఈ బ్యాటరీ ఏళ్లకేళ్లు మన్నుతుంది. బడిలో అలా కాదు. భద్రత కోసం ప్రతి సాయంత్రం మెయిన్ స్విచ్ దించేస్తాం, అది సరైన అలవాటే; దాంతో రాత్రులు, ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ బ్యాటరీ మీదే పడతాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వరుసగా ఏడు వారాలు కరెంటు అందకపోతే, అప్పటికే నీరసించిన బ్యాటరీ ఆ సెలవుల్లోనే అయిపోతుంది. అందుకే ఈ జబ్బు జూన్‌లో ఒక్కసారిగా, ఒకే ఏడాది కొన్న సిస్టమ్‌లలో గుంపుగా కనిపిస్తుంది. గుంపుగా కనిపించడం వల్లనే అది నెట్‌వర్క్ సమస్యలా అనిపిస్తుంది.

తేదీకీ సైటుకూ సంబంధం ఏమిటంటే, ప్రతి హెచ్‌టీటీపీఎస్ సైటు సర్టిఫికెట్ మీద అది ఏ రోజు నుంచి ఏ రోజు వరకు చెల్లుతుందో రాసి ఉంటుంది. బ్రౌజరు ఆ తేదీలను సిస్టమ్ గడియారంతోనే పోల్చుకుంటుంది. గడియారం 2015 అని చెబితే నేటి సర్టిఫికెట్లన్నీ దానికి ఇంకా పుట్టనివే. ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీఎస్ తనిఖీ చేస్తున్న చోట గందరగోళం రెట్టింపవుతుంది. అక్కడ బ్రౌజరుకు చేరేది సైటు అసలు సర్టిఫికెట్ కాదు, ఫైర్‌వాల్ తన సంతకంతో అప్పటికప్పుడు తయారుచేసినది. హెచ్చరికలో ఫైర్‌వాల్ పేరు కనిపించేది అందుకే. నేను చేసిన తప్పు ఆ పేరు చూసి, దాని కింద ఉన్న తేదీల వరుసను చదవకపోవడం. గడియారం వెనకబడి ఉందని క్రోమ్ చాలాసార్లు నేరుగానే చెబుతుంది. కానీ పరీక్షల సాఫ్ట్‌వేర్లు, పాఠాల యాప్‌లు అంత వివరంగా చెప్పవు. కనెక్ట్ కాలేకపోయాం అని ఊరుకుంటాయి.

కొన్ని సైట్లలో ఈ హెచ్చరికను దాటి ముందుకు వెళ్లే బటన్ ఉంటుంది, గూగుల్ వంటి సైట్లలో ఉండదు. ఉన్న చోట దాన్ని నొక్కమని పిల్లలకు దయచేసి చెప్పకండి. ఒకసారి నేర్చుకుంటే రేపు బ్యాంకు సైటులో నిజంగానే మోసం జరుగుతున్నప్పుడు కూడా అదే బటన్ నొక్కుతారు.

ఇంటర్నెట్ ఉంటే గడియారం తనంతట తనే సరి కావాలి కదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఫైర్‌వాల్ పాత్ర నిజంగా ఉంది. గడియారం సరిచేసే ఎన్‌టీపీ అనే పద్ధతి యూడీపీ 123వ పోర్టు మీద నడుస్తుంది. బడుల్లో ఫైర్‌వాల్ అమర్చేవాళ్లు 80, 443, 53 పోర్టులు తెరిచి మిగిలినవన్నీ మూసేయడం పరిపాటి. సైట్లు తెరవడానికి అవి చాలు కాబట్టి 123 మూసుకుపోయిందన్న సంగతి, బ్యాటరీ అయిపోయే రోజు దాకా, ఎవరి దృష్టికీ రాదు. పోర్టు తెరిచినా ఇంకొక అడ్డంకి ఉంది: డొమైన్‌లో (ఒక కేంద్ర సర్వరు నిర్వహించే గుంపులో) చేరని విండోస్ సిస్టమ్‌లో తేడా 15 గంటలు మించితే విండోస్ ఆ సవరణను ఒప్పుకోదు. కాబట్టి తేదీని ముందు చేత్తో దాదాపు సరిగ్గా పెట్టి, ఆ తరువాతనే సింక్ బటన్ నొక్కాలి. ఈ వరుస తప్పినందువల్ల, పోర్టు తెరిచినా లాభం లేదని తేల్చేసినవారు నాకు తెలుసు.

కాబట్టి చేయవలసింది ఇది. మెయిన్ ఆపి, కేబినెట్ తెరిచి, బ్యాటరీ వోల్టేజీని మల్టీమీటరుతో చూడండి. కొత్తది మూడు వోల్టులకు కాస్త పైన చూపిస్తుంది, 2.7కు దిగితే మార్చేయండి. ఒకే ఏడాది కొన్నవాటిలో నాలుగు పోయాయంటే మిగిలినవాటికి కూడా అదే విడతలో మార్చడం మంచిది. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే తెరవగలిగే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) తేదీ, సమయం పెట్టండి. ఫైర్‌వాల్‌కు ఎన్‌టీపీ సర్వరుగా పనిచేసే వీలుంటే దాన్నే ల్యాబుకు గడియారంగా చేసి, సిస్టమ్‌లన్నిటికీ ఆ చిరునామా ఇవ్వండి. అప్పుడు బయటికి ఫైర్‌వాల్ ఒక్కటే అడుగుతుంది, ల్యాబు సిస్టమ్‌లకు 123వ పోర్టును బయటికి తెరవవలసిన అవసరమే ఉండదు. ఫైర్‌వాల్ సమయం తీసుకోవడానికి ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ జాతీయ సమాచార కేంద్రం) సర్వర్లు, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లు ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు ప్రభుత్వ సంస్థలు సమయాన్ని వీటితో గానీ, వీటిని అనుసరించే సర్వర్లతో గానీ సరిపోల్చుకోవాలని చెప్పాయి.

డీప్ ఫ్రీజ్ (రీస్టార్ట్ చేయగానే సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్) వేసిన ల్యాబుల్లో ఒక జాగ్రత్త అవసరం. తేదీ హార్డ్‌వేర్ గడియారంలో ఉంటుంది కాబట్టి రీస్టార్ట్ చేసినా నిలుస్తుంది, కానీ టైమ్ జోన్, ఎన్‌టీపీ చిరునామా విండోస్ లోపల ఉంటాయి. ఫ్రీజ్ తీయకుండా వాటిని మారిస్తే మరునాటికి పాత స్థితే వస్తుంది.

టైమ్ జోన్ విషయంలోనే మరో చిక్కు దాగి ఉంది. విండోస్ వేసేటప్పుడు ఎవరూ మార్చకపోతే అమెరికా పసిఫిక్ జోన్ అలాగే ఉండిపోతుంది. ఎవరో వచ్చి, జోన్ చూడకుండా, గడియారం ముల్లును మాత్రం మన సమయానికి తిప్పి వెళతారు. చూడడానికి అంతా సరిగ్గానే ఉంటుంది, కానీ సిస్టమ్ లోలోపల లోక సమయానికి (యూటీసీకి) పన్నెండున్నర లేదా పదమూడున్నర గంటలు ముందు నడుస్తూ ఉంటుంది. నెట్ ద్వారా సరిచేసుకోగానే ముల్లు మళ్లీ అన్ని గంటలు వెనక్కి పోతుంది. రోజూ తిప్పుతున్నా నిలవడం లేదని కొత్త బ్యాటరీని కూడా మార్చేసిన ల్యాబు ఒకటి చూశాను. తేడా సరిగ్గా ఐదున్నర గంటలైతే కారణం వేరు: ఒకే సిస్టమ్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయన్నమాట. హార్డ్‌వేర్ గడియారంలో ఉన్నది లోక సమయమని లైనక్స్, స్థానిక సమయమని విండోస్ అనుకుంటాయి. రెండింటినీ ఒకే పద్ధతికి మారిస్తే సరిపోతుంది.

ముందు ముందు ఈ సమస్య పెరుగుతుందే తప్ప తగ్గదు. 2020 సెప్టెంబరులో సైట్ల సర్టిఫికెట్ల గరిష్ఠ కాలాన్ని 398 రోజులకు తగ్గించారు. దాన్ని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027లో 100కు, 2029లో 47కు తగ్గించాలని నిర్ణయం జరిగింది. గడువు కుదించుకుపోయే కొద్దీ, నెల రోజులు తప్పిన గడియారం కూడా సగం సైట్లను మూసేస్తుంది.

లక్షణం: ఉదయం పీరియడ్లలో నెట్ లేదు, మధ్యాహ్నం రెండున్నరకు వచ్చేస్తుంది

ఇది కూడా గడియారమే, కాకపోతే ఫైర్‌వాల్‌ది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా అనుమతి అని వేళల రూల్ పెట్టి, ఫైర్‌వాల్ జోన్‌ను లోక సమయంలోనే వదిలేస్తే, ఆ రూల్ మన లెక్కలో మధ్యాహ్నం 2:30 నుంచి రాత్రి 9:30 దాకా పనిచేస్తుంది. హాస్టల్ ఉన్న బడిలో అయితే రాత్రి ఎవరూ చూడని వేళ నెట్ తెరిచి ఉంటుంది కాబట్టి దీన్ని తేలికగా తీసుకోవద్దు. జోన్ మార్చి, లాగ్‌లో సమయం గోడ గడియారంతో సరిపోతోందో చూడండి.

లక్షణం: గడియారం సరిగ్గా ఉంది, అయినా సర్టిఫికెట్ హెచ్చరిక

ఫైర్‌వాల్ రూట్ సర్టిఫికెట్ (అది తయారుచేసే సర్టిఫికెట్లను బ్రౌజరు నమ్మడానికి కావలసిన మూల పత్రం) ఆ సిస్టమ్‌లో వేయలేదు, లేదా డీప్ ఫ్రీజ్ దాన్ని తుడిచేసింది. సైటు క్రోమ్‌లో వచ్చి ఫైర్‌ఫాక్స్‌లో రాకపోతే, ఫైర్‌ఫాక్స్‌కు సొంత సర్టిఫికెట్ పెట్టె ఉందని గుర్తు చేసుకోండి. విండోస్‌లో వేసినవాటిని అది 120వ వెర్షన్ నుంచే తనంతట తాను నమ్ముతోంది. పాత వెర్షన్ అయితే అప్‌డేట్ చేయండి.

లక్షణం: యూట్యూబ్ తెరుచుకుంటుంది కానీ టీచరు ఇచ్చిన పాఠం రాదు

ఇది పిల్లలకు తగని వీడియోలను దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ పని. డీఎన్‌ఎస్ (సైటు పేరుకు ఐపీ చిరునామా చెప్పే వ్యవస్థ) ద్వారా పెట్టే ఈ నియంత్రణకు కఠినం, మధ్యస్థం అని రెండు స్థాయిలు ఉన్నాయి. మధ్యస్థానికి మారిస్తే చాలా పాఠాలు తిరిగి వస్తాయి. దాన్ని పూర్తిగా తీసేయమని వచ్చే ఒత్తిడికి లొంగకండి.

లక్షణం: ఒక బ్రౌజరులో అడ్డుకున్న సైటు మరొక బ్రౌజరులో తెరుచుకుంటుంది

ఆ బ్రౌజరు బడి డీఎన్‌ఎస్‌ను వదిలి, గుప్తంగా బయటి డీఎన్‌ఎస్‌ను అడుగుతోంది. సెక్యూర్ డీఎన్‌ఎస్ ఎంపికను పాలసీ ద్వారా ఆపండి. అక్కడే ఉన్నప్పుడు ప్రాక్సీ (నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వరు) సెట్టింగు కూడా చూడండి; ఎవరో వేసి తీసేసిన వీపీఎన్ తన ప్రాక్సీని వదిలి వెళ్లడం, దాంతో ఆ సిస్టమ్‌కు నెట్ మొత్తం పోవడం మామూలే.

మిగిలినవి అరుదు. రెండు సిస్టమ్‌లకు ఒకే ఐపీ ఇవ్వడం, ఫైర్‌వాల్ లైసెన్సు ముగిసి వర్గాల వడపోత ఆగిపోవడం వంటివి లాగ్ తెరిస్తే అక్కడే కనిపిస్తాయి. తేదీ, జోన్, సర్టిఫికెట్ అన్నీ సరిగ్గా ఉండి, అప్‌డేట్లు లేని విండోస్ 7 సిస్టమ్‌లలో మాత్రమే కొన్ని సైట్లు మొండికేస్తే, అక్కడి రూట్ సర్టిఫికెట్లు పాతబడ్డాయని అర్థం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది, క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది. ఆ సిస్టమ్‌లలో కుస్తీ పట్టడం కన్నా ఉబుంటు వేసుకుని, అందులో ఫైర్‌వాల్ సర్టిఫికెట్‌ను, ఎన్‌టీపీ చిరునామాను మొదటి రోజే పెట్టుకోవడం మేలు.