గడువుకు ముందే ముగిసిన విదేశీ బోధనోద్యోగాన్ని కొత్త దరఖాస్తులో చెప్పడం ఎలా?

విదేశంలోని ఉపాధ్యాయ ఉద్యోగం ఒప్పందం మధ్యలోనే ముగిస్తే, దానిని దరఖాస్తులో దాచకండి. వీసా తేదీలను, పాత యాజమాన్యం చెప్పే వివరాలను పోల్చి చూస్తే ఆ ఖాళీ ఇట్టే బయటపడుతుంది. చేరిన నెల, మానిన నెల ఉన్నవి ఉన్నట్టే రాసి, అసలు కారణాన్ని రెండు వాక్యాలకు మించకుండా చెప్పండి. ఉదాహరణకు, అదే నిజమైతే, "12 నెలల ఒప్పందంలో 7 నెలలు బోధించాను, విద్యార్థుల సంఖ్య తగ్గడంతో పరస్పర అంగీకారంతో వైదొలిగాను" అంటే చాలు. అన్యాయం జరిగిన మాట వాస్తవమే అయినా, ఆ బాధ ఎంత న్యాయమైనదైనా, దరఖాస్తులో నింద వద్దు. అనుభవ ధ్రువపత్రం ఇవ్వకపోతే, మీ తరగతులను స్వయంగా చూసిన సీనియర్ ఉపాధ్యాయుని లేఖను, జీతపు రసీదులను జతచేయండి. దక్షిణ కొరియాలో ఈ-2 వీసాపై (విదేశీ భాషా బోధకులకు ఇచ్చే వీసా) ఉన్నవారు ఒప్పందం మధ్యలో బడి మారాలంటే సాధారణంగా పాత యజమాని నుంచి రిలీజ్ లెటర్ (వేరే చోట చేరడానికి అభ్యంతరం లేదనే లేఖ) కావాలి కాబట్టి, దానిని పాత బడి వదిలి వెళ్లేముందే అడగండి. ఇంటర్వ్యూలోనూ అదే కారణాన్ని, అవే తేదీలతో చెప్పండి.