బహిరంగ సమావేశాలు, 4వ పాఠం: ‘ఇతర అంశములు’ రాయకుండా ఎజెండా

ఈసారి కోరం గురించి, అంటే సభ చెల్లడానికి కనీసం ఎంతమంది ఉండాలన్నది, చెప్పాల్సింది. దాన్ని పక్కన పెడుతున్నాను. మీ ఊరి గ్రామ సభకు ఎజెండా రాసి పంపమంటే తెనాలి, దుగ్గిరాల, ప్రత్తిపాడు వైపు నుంచి చాలామంది పంపారు. తేదీ, చోటు, టైము బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను. కానీ దాదాపు ప్రతి కాగితం చివరా ఒకటే మాట: “అధ్యక్షుల అనుమతితో ఇతర అంశములు.” దీని సంగతి తేలకుండా ముందుకు వెళ్లలేం.

ఎజెండా వార్డు సభ్యుల కోసమే అనుకుని రాస్తే ఇలాగే వస్తుంది. రాజ్యాంగం 243వ అధికరణం ప్రకారం ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామ సభ సభ్యులే. మిరప కోతల రోజుల్లో కూలికెళ్లే ఆవిడ ఆ నోటీసు చూసో, దండోరా వినో తేల్చుకోవాల్సింది ఒక్కటే: రేపు కూలి మానుకుని సభకు రావాలా, అక్కర్లేదా? అది తేల్చుకోవడానికి పనికొచ్చేలా రాయాలి.

ఒకరు పంపింది చూడండి: “3. అభివృద్ధి పనులు. 4. పన్నులు. 5. ఇతర అంశములు.” పన్నులంటే పెంచుతున్నారా, బకాయిలు వసూలు చేస్తున్నారా? మూడోది ఇలా రాయండి: “రామాలయం వీధి చివర నుంచి స్కూలు గేటు దాకా సైడు కాల్వ. ఆర్థిక సంఘం నిధులు. అంచనా ఖర్చుపై చర్చ.” ఇప్పుడు ఆ వీధివాళ్లు వస్తారు. నాలుగోదాన్ని “కుళాయి పన్ను పెంపు ప్రతిపాదన” అని రాసి, ఇప్పుడెంత, ఇకపై ఎంత అన్నది పక్కనే వేయండి.

ఇక అయిదోది. సభ మొదలై చాలాసేపయ్యాక, సగం మంది లేచి వెళ్లిపోయాక, ఆ మాట కింద చెరువు వేలం పాట వస్తుంది. ఇద్దరు ముగ్గురు తలూపుతారు. సభలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకంలో “ఏకగ్రీవంగా ఆమోదించడమైనది” అని పడుతుంది. పాటలో నిలబడాలనుకున్నవాళ్లకు కబురే లేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, తలుపులూ మూయలేదు. అయినా ఆ విషయం వరకు అది బహిరంగ సభ కాదు. దుకాణం గది లీజు, ఖాళీ స్థలం, కొత్త పన్ను, ఏదైనా ఇలాగే జరిగిపోతుంది. డబ్బు, భూమి ఉన్న ఏ విషయమూ ‘ఇతర’ కాదు. ఈ ఒక్క మాట పట్టుకోండి.

అత్యవసరం వస్తే ఎలా అని అడుగుతారు. తాగునీటి మోటారు కాలిపోతే బాగు చేయించాల్సిందే. ఎందుకు ఆగలేకపోయారో మినిట్స్‌లో రాయండి, ఖర్చు లెక్క తర్వాతి సభలో విడి అంశంగా పెట్టండి. మోటారు సాకుతో కొత్త పైపులైను కూడా అక్కడే పాస్ చేయొద్దు.

కాలిఫోర్నియాలో 1953లో బ్రౌన్ చట్టం వచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థలు సాధారణ సమావేశానికి కనీసం 72 గంటల ముందు ఎజెండా బయట పెట్టాలి. ఒక్కో అంశానికి వివరణ ఉండాలి, మామూలుగా 20 పదాలు మించనక్కర్లేదు. అందులో లేనిదాని మీద, కొన్ని మినహాయింపులు తప్ప, నిర్ణయం చేయకూడదు. అది మనకు వర్తించదు, కానీ ఆ 20 పదాల కొలత మాత్రం నేను వదలను. మన దగ్గర, గ్రామ సభ ముందు లెక్కలు, ఆడిట్ రిపోర్టు పెట్టాలని 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. కమిటీలు, బోర్డుల సమావేశాలకు జనం రావచ్చా, వాటి మినిట్స్ చూడొచ్చా అన్నది ఎవరూ అడగకముందే ప్రకటించాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ అంటోంది.

నా పద్ధతి ఒకటి: డబ్బు అంశాలు మొదట, జనం నిండుగా ఉన్నప్పుడే. సన్మానాలు చివర్న.

అభ్యాసం కాస్త పెద్దదే. మీ పంచాయతీ పోయిన ఏడాది మినిట్స్ మొత్తం సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తీసుకోండి. వార్డు సభ్యులైనా సరే, దరఖాస్తుతోనే. మామూలు మనిషికి అవి ఎంత తేలిగ్గా దొరుకుతాయో తెలుస్తుంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, కాపీలకు మాత్రం పేజీల లెక్కన కట్టాలి. జవాబుకు గడువు 30 రోజులు. ‘ఇతర అంశములు’ కింద వచ్చిన ప్రతి తీర్మానానికీ గుర్తు పెట్టండి. వాటిలో డబ్బు, భూమి ఉన్నవాటికి ముందే ఉండాల్సిన ఎజెండా వాక్యం 20 పదాల్లోపు రాయండి. రాసింది పంచాయతీ ఆఫీసుతో సంబంధం లేనివాళ్లకు చదివి వినిపించి, దేని గురించో వాళ్లనే చెప్పమనండి. చెప్పలేకపోతే మళ్లీ రాసి, రెండూ పంపండి.