డేటాకి ఎన్ని కాపీలు, ఎక్కడ, ఎలా?

కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి లావాదేవీలకి యాప్ కడుతున్నారనుకోండి, దాన్నే ఆదోనిలో, అనంతపురంలో, కడపలో కూడా వాడతారు. ముందే టూల్ పేర్లు వెతక్కండి. ఏ డేటా పోతే కొంప మునుగుతుందో, ఏది రెండు సెకన్లు పాతదైనా ఫర్వాలేదో రాసుకోండి.

డేటాని వేరే సర్వర్లలోకి కాపీ చేస్తూ ఉండటాన్ని రెప్లికేషన్ అంటారు. రైతుకు రావాల్సిన డబ్బు లెక్కకి సింక్రనస్ రెప్లికేషనే పెట్టండి, అంటే కాపీ అయ్యేదాకా ఆగేది. రెండో సర్వర్లో కూడా రాశాకే యాప్‌కి ఓకే వస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది గానీ లీడర్ సర్వర్ (రాతలు ముందుగా తీసుకునేది) కాలిపోయినా రశీదు పోదు. అయితే ఫాలోయర్ (లీడర్ నుంచి కాపీ తీసుకునే సర్వర్) ఒక్కటే ఉంటే, అది ఆగిన రోజు రాతలన్నీ ఆగుతాయి. అందుకే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో రెండు ఫాలోయర్లు పెట్టి, ఏదో ఒకటి ఒప్పుకుంటే చాలని సెట్ చేయండి.

ధరల బోర్డుకి, రిపోర్టులకి అసింక్రనస్ చాలు, అంటే ముందు ఓకే చెప్పేసి కాపీ తర్వాత పంపడం.

కసాండ్రా లాంటి లీడర్ లేని డేటాబేస్‌లలో 3 కాపీలుంటే, రాసేటప్పుడు 2 కాపీలు, చదివేటప్పుడు 2 కాపీలు జవాబివ్వాలని పెట్టండి. 2+2 అంటే 3 కంటే ఎక్కువ కాబట్టి చదివే రెండిట్లో ఒక్కటైనా కొత్త రాత చూసినదే ఉంటుంది. రాఫ్ట్ (సగానికి పైగా సర్వర్లు ఒప్పుకుంటేనే రాతని ఖాయం చేసే పద్ధతి) వాడితే 3 సర్వర్లలో 1, 5లో 2 పడిపోయినా నడుస్తుంది. 4 పెట్టినా తట్టుకునేది ఒక్కటే, దండగ.

ఊరికో లీడర్ మాత్రం వద్దు. ఒకే రికార్డుని రెండుచోట్ల మారిస్తే ఏది నిజమో తేల్చడం పెద్ద టెన్షన్.

2009 అక్టోబరు వరదలో కర్నూలు మునిగింది, కాబట్టి ఒక కాపీ వేరే ఊళ్లోనే ఉండాలి. బ్యాకప్ వేరేగా తీయండి, ఎందుకంటే పొరపాటున డిలీట్ కొడితే అది కూడా అన్ని కాపీలకీ వెళ్తుంది.