అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రి ఎలా తేల్చుకున్నాం

మోకాలి మార్పిడి ఎమర్జెన్సీ కాదు. నాలుగు చోట్ల తిరిగి, అడిగి తేల్చుకునేంత టైం ఉంటుంది. ఆ టైంని వాడుకోండి.

ముందు చూడాల్సింది ఆపరేషన్ చేసే డాక్టర్ని, ఆ తర్వాతే బిల్డింగ్‌ని. ఓపీలోనే మొహమాటం లేకుండా అడగండి: "నెలకి ఇవి ఎన్ని చేస్తారు సార్? అమ్మకి మీరే చేస్తారా? ఇన్‌ఫెక్షన్ వస్తే ఏం చేస్తారు?" ఇప్పుడు విసుక్కునే డాక్టరుకి రేపు కాలు వాచిందని ఫోన్ చేయడానికి మనమే జంకుతాం.

అమ్మకి షుగరు. ఒకచోట మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ (HbA1c) ఊసే ఎత్తకుండా డేట్ ఇచ్చేశారు. ఇంకోచోట డాక్టరుగారు "ముందు షుగర్ దించండమ్మా, పుచ్చిపళ్లుంటే బాగు చేయించుకోండి, డేట్ తర్వాత చూద్దాం" అన్నారు. వాటివల్ల లోపల పెట్టిన ఇంప్లాంట్‌కి (కృత్రిమ కీలుకి) ఇన్‌ఫెక్షన్ పడితే మళ్లీ కోయాల్సి రావచ్చు. అందుకే ఆయన దగ్గరే చేయించాం.

వార్డు చూడాలంటే సాయంత్రం విజిటింగ్ టైంలో వెళ్లండి. పగలు లాబీ ఎక్కడైనా తళతళలాడుతుంది. మేం వెళ్లినప్పుడు ఒక నర్సు పెద్దాయన కట్టు సరిచేసి, పక్క మంచం దగ్గరకి వెళ్లేముందు చేతులకి శానిటైజర్ రుద్దుకుంది. ఎవరూ చెప్పకుండానే. అక్కడే ఉన్న అటెండెంట్లతో కాసేపు మాట్లాడండి, రాత్రి బెల్ కొడితే ఎవరైనా వస్తున్నారో లేదో వాళ్లే చెప్తారు.

డబ్బు సంగతి కాగితం మీద ఉండాలి. మోకాలి ఇంప్లాంట్లకి 2017 ఆగస్టులో కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది. కాబట్టి ఇంప్లాంట్ కంపెనీ, రకం, ధర ఎస్టిమేట్‌లో విడిగా రాయించుకోండి. ప్యాకేజీలో రానివేంటో కూడా అడగండి: ఐసీయూ, రక్తం, ఫిజియోథెరపీ. ఇన్సూరెన్స్‌లో రూమ్ అద్దెకి లిమిట్ ఉంటే, అది దాటిన రూమ్ తీసుకోకండి. తీసుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లిచ్చే డాక్టర్ ఫీజు, థియేటర్ చార్జీల్లో కూడా కోత పడొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో దాని కిందకి వస్తుందా అని అక్కడి డెస్క్‌లోనే కనుక్కోండి. తిరుపతిలో టీటీడీ బర్డ్ ఆసుపత్రిలోనూ మోకాళ్ల మార్పిడి చేస్తారు, అదీ విచారించండి.

హైదరాబాద్ వెళ్లమని బంధువులందరూ అన్నారు. మాది తెనాలి. కుట్లు తీయించడానికి, చెకప్‌లకి అమ్మని అంతదూరం కారులో కూర్చోబెట్టలేం, అందుకని గుంటూరు ఎంచుకున్నాం. ఆపరేషన్ తర్వాత నడిపించేది ఫిజియోథెరపీయే. ఇంటికొచ్చి చేసేవాళ్లతో డిశ్చార్జికి ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇంట్లో ఇండియన్ టాయిలెట్టే ఉంటే, అడ్మిట్ అయ్యేలోపే కమోడ్ వేయించండి.