మా డాబా మీద సోలార్: 78 వేల సబ్సిడీ చేతికొచ్చేదాకా

మాది తెనాలి. ఇల్లు మా మామగారు కట్టించింది, కరెంటు మీటరు కూడా ఆయన పేరు మీదే ఉండేది. ఆయన పోయి పదకొండేళ్లయినా పేరు మార్పించాలన్న ఆలోచన మాకు రాలేదు. నిరుడు పీఎం సూర్యఘర్ (ఇంటి మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) కింద డాబా మీద సోలార్ పెట్టించుకుందామని కూర్చున్నప్పుడు పని మొదట ఆగింది అక్కడే. అందుకే నన్ను అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ప్యానెళ్ల ధర తర్వాత అడుగుదురుగాని, ముందు కరెంటు బిల్లు తీసి దాని మీద ఎవరి పేరుందో చూడండి.

బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మూడింటి మీదా ఒకే మనిషి పేరు, వీలైనంతవరకు ఒకేలా ఉండాలి. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంతో ఉంటే అది కూడా ముందే సరిచేయించుకోండి. మేం మామగారి మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, మా ఆడపడుచు తనకి అభ్యంతరం లేదని రాసిచ్చిన కాగితం పట్టుకుని కరెంటాఫీసు చుట్టూ తిరిగితే నెల పట్టింది. ఆ నెల ముందే తిరిగి ఉంటే ఎండాకాలం బిల్లు ఒకటి తప్పేది.

ఇక డబ్బు లెక్క. మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు కేంద్రం ఇస్తుంది. అంటే మూడు కిలోవాట్లకి 78 వేలు. అంతకన్నా పెద్దది పెట్టించుకున్నా అదే 78 వేలు. ఇది వెండర్‌కి, అంటే సోలార్ బిగించే సంస్థకి, వెళ్లదు, పని పూర్తయ్యాక మన ఖాతాలోనే పడుతుంది. కాబట్టి మొదట మొత్తం డబ్బు మనమే సర్దుకోవాలి. మాకు లక్షా తొంభై ఐదు వేలయింది. చేతిలో లేకపోతే ప్రభుత్వ బ్యాంకులు మూడు కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా రెండు లక్షల దాకా అప్పిస్తున్నాయి. బంగారం పెట్టాల్సిన పని లేదు. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకే పెట్టారు కనుక ఆలోచిస్తూ కూర్చోవద్దు.

ఎన్ని కిలోవాట్లు కావాలో మీ పన్నెండు నెలల బిల్లులే చెబుతాయి. నెలకి 150 యూనిట్ల లోపు వాడేవాళ్లకి రెండు కిలోవాట్లు చాలు, 300 దాకా వాడితే మూడు. ఎండ బాగా ఉన్న రోజున మా మూడు కిలోవాట్లు 12 యూనిట్లకి పైగా ఇస్తున్నాయి. కిలోవాటుకి సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి, అదీ నీడ లేని చోటు. మాకు పడమటి పక్క కొబ్బరి చెట్టుంది. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం రెండింటికి, నాలుగింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వస్తోందో సుద్దముక్కతో గీసి పెట్టుకున్నాను. ఫ్రేము ఆ గీత ఇవతలే వేయించాను.

పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మీ డిస్కం (మీకు కరెంటు సరఫరా చేసే సంస్థ) పేరు, బిల్లు మీది సర్వీస్ నంబరు ఇచ్చి మీరే దరఖాస్తు చేయండి. ఫోన్ నంబరు కచ్చితంగా మీదే ఇవ్వండి, ఓటీపీలూ మెసేజ్‌లూ వచ్చేది దానికే. పది కిలోవాట్ల లోపైతే సాంకేతిక అనుమతి కోసం విడిగా ఎదురుచూడక్కర్లేదు. వెండర్‌ని పోర్టల్‌లో నమోదైన వాళ్లలోంచే ఎంచుకోవాలి. ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత రేటే ఉందేమో చూడండి. ఐదేళ్ల మెయింటెనెన్స్ వాళ్ల బాధ్యతే, ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి.

కొటేషన్‌లో నేను పట్టుకున్న సంగతి ఒకటి వివరంగా చెప్పాలి. మొదట వచ్చిన వెండర్ ‘మూడు కిలోవాట్ల సిస్టమ్ మేడమ్’ అని రాసిచ్చాడు. ప్యానెళ్ల కరెంటుని ఇంట్లో వాడేలా మార్చే సోలార్ ఇన్వర్టర్ మూడు కిలోవాట్లదే, కానీ ప్యానెళ్లు 540 వాట్లవి ఐదే. లెక్కేస్తే 2,700 వాట్లు. సబ్సిడీకి ఇన్వర్టర్, ప్యానెళ్లు రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అంటే 78 వేలు కాదు, 72,600. ఆరో ప్యానెల్ అడిగితే ‘ఏం తేడా ఉండదు’ అన్నాడు. ఆయన్ని వదిలేసి ఆరు ప్యానెళ్లు వేసే వాళ్లకిచ్చాం.

ప్యానెల్‌తో పాటు దాని లోపల ఎండని కరెంటుగా మార్చే సెల్స్ కూడా మన దేశంలోనే తయారైన ప్యానెళ్లకే సబ్సిడీ. వాటిని డీసీఆర్ ప్యానెళ్లంటారు. అవి కానివి చవకగా వస్తాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మీ సబ్సిడీ మొత్తం పోతుంది. బిగించకముందే ప్యానెళ్ల వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్లు ఫోన్‌లో ఫొటో తీసి, డీసీఆర్ సర్టిఫికెట్‌తో సరిచూసుకోండి. ఫ్రేము ఎక్కాక కిందికి దూరి చూడటం కష్టం.

బిగించాక డిస్కం వాళ్లు వచ్చి చూసి నెట్ మీటర్ పెడతారు. మనం వాడుకున్న కరెంటు, లైనుకి ఇచ్చిన కరెంటు రెండూ లెక్కించేది అదే. సోలార్ పని మొదలైందని డిస్కం ఇచ్చే కమిషనింగ్ రిపోర్ట్ పోర్టల్‌లోకి వచ్చిన రోజే బ్యాంకు వివరాలు ఎక్కించండి. మాకు అక్కణ్ణించి ఇరవై రెండు రోజులకి 78 వేలు పడ్డాయి.

కరెంటు పోతే ఇదీ ఆగిపోతుందని మా అత్తయ్య చాలా కంగారుపడ్డారు. బ్యాటరీ లేని సోలార్ అంతే. లైను మీద పనిచేసే మనిషికి మన డాబా మీది కరెంటు తగలకుండా సోలార్ ఇన్వర్టర్ తనంతట తనే ఆగుతుంది. అందుకే కరెంటు పోయినప్పుడు వాడే పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఇంట్లో ఉంటే అమ్మేయకండి.

పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున, అద్దం వేడెక్కకముందే, మామూలు నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడుస్తాను. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే తెల్లటి చారలు కడతాయి, మునిసిపల్ నీళ్లు రెండు బకెట్లు పట్టి ఉంచుకోండి.