సొంత కార్టూన్ క్యారెక్టర్ గీయాలంటే ముఖం చివర్లో గీయండి

చాలామంది క్యారెక్టర్ అనగానే ముందు కళ్ళు గీసేస్తారు, తర్వాత జుట్టు, అక్కడే ఓపికంతా అయిపోతుంది, మెడ కిందకి వచ్చేసరికి ఏదోలా కానిచ్చేస్తారు. అలాంటి బొమ్మ ఒక్క పోజులో బాగుంటుంది గానీ పక్కకి తిప్పి గీయమంటే చెయ్యి ఆడదు. కార్టూన్ క్యారెక్టర్ అంటే వందసార్లు గీయాల్సిన మనిషి, ఆ లెక్కలోనే డిజైన్ చేసుకోవాలి.

అందుకే ముందు ఆ మనిషికి ఏం కావాలి, దానికి అడ్డమేంటి అన్నది ఒక్క లైన్‌లో రాసుకోండి. ఉదాహరణకి కిరాణా కొట్టు సుబ్బత్త అనుకుందాం. అరువులన్నీ వసూలవ్వాలని ఆవిడ ఆరాటం, కానీ ఎవరైనా వచ్చి "అత్తా, అరకేజీ కందిపప్పు ఖాతాలో రాసుకో" అంటే కాదనలేదు. ఇది చాలు, చంకలో ఖాతా పుస్తకం, కొప్పులో గుచ్చిన పెన్సిలు, రెండూ ఈ లైన్‌లోంచే వచ్చేశాయి చూడండి.

ఇప్పుడు బొటనవేలంత సైజులో ఒక పేజీ నిండా ఒట్టి ఆకారాలు గీయండి, ముఖాలు వద్దు. గుండ్రంగా ఉంటే మెత్తటి మనిషి అనిపిస్తుంది, చదరంగా ఉంటే మొండి, కోణాలు ఎక్కువైతే చురుకో కుట్రో. సుబ్బత్తకి నేనైతే కింద వెడల్పు, పైన సన్నం ఉండే ఆకారం తీసుకుంటా, గల్లాపెట్టె దగ్గర పాతుకుపోయినట్టు ఉండాలి కాబట్టి. నచ్చినదాన్ని పెద్దగా గీసి మొత్తం నల్లగా నింపేయండి. ఆ నల్లటి మచ్చని చూసి ఎవరో గుర్తుపట్టగలగాలి, ఇదే అసలు పరీక్ష. పుస్తకం ఒంటికి అతుక్కుని ఉంటే నలుపులో కలిసిపోతుంది, మోచెయ్యి కాస్త బయటికి పెట్టి పుస్తకం మూల కనబడేలా చేస్తే అప్పుడు తెలుస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. కొప్పు తల వెనకాల ఉంటుంది, ఎదురుగా గీస్తే కనబడదు, పెన్సిలూ కనబడదు, మనం ఇంత ఆలోచించింది వృథా. కాబట్టి కొప్పుని నడినెత్తి మీదకి ఎక్కించేయండి, పెన్సిలు అడ్డంగా రెండు వైపులా పొడుచుకొచ్చేలా గుచ్చండి. నిజంగా అలా ఉంటుందా అని బెంగపడొద్దు, 1928లో వచ్చిన మిక్కీ మౌస్ తల ఎటు తిప్పినా చెవులు మాత్రం గుండ్రటి వృత్తాల్లానే గీస్తూ వచ్చారు. గుర్తుపట్టడం ముఖ్యం, శరీరశాస్త్రం తర్వాత.

మామూలు మనిషి ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలు ఉంటుంది. సుబ్బత్తకి మూడు చాలు, తల పెద్దదైతే ముఖంలో భావం చిన్న సైజులో కూడా అందుతుంది. ఆ మూడు అన్నది మాత్రం ఇక మార్చొద్దు.

బట్టల విషయంలో పిసినారితనం పనికొస్తుంది. చీరకి పువ్వులు పెట్టొద్దు, అంచుకి ఒక లావు గీత, కుచ్చిళ్ళకి మూడు గీతలు, కొంగు నడుంలో దోపేయండి, చేతులు ఆడటానికి వీలుగా ఉంటుంది. కార్టూనిస్ట్ ఆర్.కె.లక్ష్మణ్ గారు 1951 నుంచి దశాబ్దాల పాటు తన కామన్ మ్యాన్ అనే పాత్రకి అదే ధోవతి, అదే గళ్ళ కోటు వేశారు, బట్టలు మార్చకపోవడం వల్లే దూరం నుంచి కూడా ఆ పాత్రని పోల్చుకుంటాం. అయితే ఆ గళ్ళు ప్రతిసారీ గీయడానికి లక్ష్మణ్ గారి చెయ్యి కావాలి, కొత్తవాళ్ళకి నేను చెప్పను.

ఇప్పుడు ముఖం. కళ్ళు రెండు చుక్కలైనా పర్లేదు, భావంలో సగం పని కనుబొమ్మలదే. కోపం, సంతోషం, అనుమానం, ఏడుపు, సిగ్గు గీసి చూడండి. సుబ్బత్తకి ఇంకో సౌకర్యం ఉంది, కోపమొస్తే పెన్సిలు ఒక పక్కకి నిక్కుతుంది, దిగులేస్తే రెండు కొసలూ కిందకి వంగుతాయి.

తర్వాత ఒకే కాగితం మీద ఎదురు, ముప్పావు (ఎదురుకీ పక్కకీ మధ్యలో కాస్త తిరిగినట్టు), పక్క, వెనక, నాలుగు బొమ్మలు వరసగా గీయండి. ముందే స్కేలుతో నెత్తి, గడ్డం, నడుం, పాదాల దగ్గర అడ్డగీతలు లాగండి, లేకపోతే ఎత్తు తేడా వచ్చేస్తుంది. హెచ్‌బీ పెన్సిలుతో తేలిగ్గా గీసి పెన్నుతో దిద్దండి, బ్రష్ పెన్ వాడేటట్టయితే జిరాక్స్ పేపర్ వద్దు, ఇంకు పాకుతుంది. ఫోన్‌లో అయితే ఐబిస్ పెయింట్, కంప్యూటర్‌లో క్రిత అనే బొమ్మలు గీసే యాప్‌లు ఉచితమే, వాటిలో ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి లేయర్లు ఉంటాయి, రఫ్ లేయర్‌ని బాగా పలచన చేసి దాని మీద ఇంకో లేయర్‌లో గీయాలి.

ఉన్న క్యారెక్టర్‌కి రంగు మార్చి నాదే అనకండి. మీరే పుట్టించిన బొమ్మకి మన దేశంలో రిజిస్టర్ చేయకపోయినా గీసిన వెంటనే కాపీరైట్ వస్తుంది, అయినా రఫ్‌లన్నిటి మీదా తేదీ వేసి దాచుకోండి.

చివరిగా మూడు గడుల స్ట్రిప్ ఒకటి, మాటల్లేకుండా: ఎవడో పప్పు అడుగుతాడు, సుబ్బత్త గుర్రుగా చూస్తుంది, పొట్లం కట్టి ఇస్తూ పెన్సిలు తీస్తుంది. అది చూసినవాళ్ళకి కథ అర్థం కాకపోతే డైలాగులు పెట్టి సర్దకండి, మళ్ళీ నల్లటి మచ్చ దగ్గరికి వెళ్ళి చేతులూ పుస్తకమూ విడిగా కనబడుతున్నాయో లేదో చూసుకోండి.